సహజపాదోద్యమం: కట్టు విప్పిన తరువాత

చైనాలో పాదబంధన నిర్మూలనను విముక్తిగాథగా చెప్పడమే పరిపాటి. ఐదారేళ్ల బాలికల కాలివేళ్లు నాలిగింటిని అరికాలి కిందికి మడిచి, గుడ్డపట్టీలతో బిగించేవారు. మూడంగుళాల 'స్వర్ణకమలం' ఆదర్శం. 1664లో కాంగ్‌షీ చక్రవర్తి విధించిన నిషేధం నాలుగేళ్లకే రద్దయింది. పెళ్లిసంబంధం పాదం కొలతతో ముడిపడి ఉన్నంతకాలం రాజాజ్ఞ గడప లోపలికి చేరలేదు. ఈ కీలకాన్ని పట్టుకొన్నవి 19వ శతాబ్ది చివరి సంఘాలే: కూతుళ్ల పాదాలు కట్టబోమనీ, కట్టిన పాదాల పిల్లను కోడలిగా తేబోమనీ సభ్యులు ప్రమాణం చేసేవారు. 1895లో అలీషియా లిటిల్ షాంఘైలో స్థాపించిన సంఘం పేరు 'తియాన్‌జు హుయ్'. తియాన్ అంటే ఆకాశం, జు అంటే పాదం. పుట్టుకతో వచ్చిన పాదమే చాలునన్న ప్రకటన ఆ పేరులోనే ఉంది.

మరి అప్పటికే ఎముకలు వంగిపోయిన స్త్రీల మాటేమిటి? 1912 నిషేధం తరువాత, ముఖ్యంగా యెన్ షీషాన్ ఏలుబడిలోని షాన్‌షీలో, తనిఖీలు, జరిమానాలు వచ్చాయి. పట్టీ విప్పినంత మాత్రాన మడతపడిన పాదం చాపుకోదు. ఆసరా పోయి నడక మరింత బాధాకరమయ్యేది. నిన్నటిదాకా మెప్పు పొందిన దేహమే దేశానికి సిగ్గుచేటైంది. డొరొతీ కో 'సిండరెల్లాస్ సిస్టర్స్' (2005) ఉద్యమచరిత్రను ఈ స్త్రీల వైపు నుంచి తిరగరాసింది. సంస్కర్తల లక్ష్యం న్యాయమైనదే. కాని కట్టమన్నప్పుడూ, విప్పమన్నప్పుడూ ఆ పాదం గలవారిని అడిగినవారు అరుదు.