పసిబిడ్డకు నూనె మర్దన

పసిబిడ్డకు నూనె రాసి, ఒళ్ళు మర్దించి, నీళ్ళు పోయడం భారతదేశంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. మర్దన గురించి మన వైద్య గ్రంథాలు మొదటినుంచీ శ్రద్ధగానే చెప్పాయి. స్పర్శకు నెలవు చర్మం కాబట్టి అభ్యంగనం చర్మానికి ఎంతో మేలు చేస్తుందని చరక సంహిత వాదన. నూనె పట్టిస్తే బండి ఇరుసు మన్నినట్టే ఒళ్ళూ మన్నుతుందని అది చెబుతుంది. తలకూ చెవులకూ పాదాలకూ ముఖ్యంగా నూనె పెట్టాలన్నాడు ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు. అయితే ఈ విద్యను నిజంగా నిలబెట్టింది గ్రంథాలు కాదు, మంత్రసానులూ అమ్మమ్మలూ నాయనమ్మలూ.

తెలుగిళ్ళలో పురుడు వచ్చిన కొద్ది రోజులకే ఈ పని మొదలవుతుంది. నీళ్ళు పోసే పెద్దావిడ పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. గోరువెచ్చని నువ్వుల నూనో ఆముదమో అరచేతిలో పోసుకుని ముందు మాడుకు అద్దుతుంది. తర్వాత ఛాతీ నుంచి భుజాలకు, తొడల నుంచి పాదాలకు చేతులు సాగుతాయి. బిడ్డ రెండు చేతులనూ గుండెల మీద అడ్డంగా కలిపి విప్పుతుంది, కాళ్ళు మడిచి చాపుతుంది. బోర్లా తిప్పి వీపు నిమురుతుంది. సున్నిపిండితో జిడ్డు వదిలించి, వేడి చూసుకుంటూ నీళ్ళు పోసి, తడి ఒత్తి పడుకోబెడితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. బాలింతకు కూడా ఒళ్ళు పట్టి తలంటు పోస్తారు. నొప్పులు పడి అలిసిన శరీరానికి ఆ చేతుల ఆసరా చిన్నది కాదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో పాశ్చాత్య దేశాల్లో గాలి ఎదురు వీచింది. పిల్లలను ముద్దాడవద్దనీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దనీ అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో పుస్తకమే రాశాడు. అయితే తిండికీ శుభ్రతకూ లోటు లేని అనాథాశ్రమంలో కూడా దగ్గరకు తీసుకునేవాళ్ళు లేక పసివాళ్ళు క్షీణించిపోవడాన్ని మనోవిశ్లేషకుడు రెనె స్పిట్జ్ 1945లో బయటపెట్టాడు. మనస్తత్వవేత్త హ్యారీ హార్లో కోతిపిల్లలపై చేసిన ప్రయోగాల ఫలితాలు 1958లో వెలువడ్డాయి. పాలిచ్చే తీగ బొమ్మ పక్కనే ఉన్నా, ఆ పిల్లలు ఎక్కువసేపు మెత్తని గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉన్నాయి.

కలకత్తాలో ఒక తల్లి బిడ్డకు మర్దన చేయడం చూసిన ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయె, ఆమె పేరుతోనే ‘శాంతల’ అనే పుస్తకాన్ని 1976లో తెచ్చాడు. మన వాకిళ్ళలో రోజూ జరిగే పని అలా యూరప్ చదువరుల ముందుకు వెళ్ళింది.

కొలతలు ఆ తర్వాత వచ్చాయి. మయామిలో మనస్తత్వవేత్త టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన 40 మంది శిశువులను పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించింది. వారిలో సగం మందికి పది రోజులపాటు, రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున ఒళ్ళు నిమిరి కాళ్ళూ చేతులూ ఆడించారు. తాగిన పాలు దాదాపు సమానమే అయినా ఆ బిడ్డలు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, ఆరు రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు. తగుమాత్రం ఒత్తిడితో చేసే మర్దన వేగస్ నాడిని ఉత్తేజపరిచి జీర్ణక్రియకు తోడ్పడుతుందని తర్వాతి పరిశోధనలు వివరించాయి. ఒట్టి పైపై తాకిడికి ఈ ఫలితం రాదు. పెద్దావిడ చేతి పట్టులో ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది.

నూనెల సంగతి భారతీయ వైద్యులే చూశారు. 2000లో ప్రచురితమైన అధ్యయనంలో 125 మంది శిశువుల్లో ఒక గుంపును మర్దన లేకుండా ఉంచి, మిగిలినవారికి నాలుగు వారాలు వేర్వేరు నూనెలతో మర్దన చేయిస్తే, ఎదుగుదలలో నువ్వుల నూనె ముందు నిలిచింది. మర్దన తర్వాత నిద్ర కూడా మెరుగుపడింది.

ఆచారంలో వదులుకోవలసినవీ ఉన్నాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, సాంబ్రాణి పొగ పట్టడం బిడ్డకు హాని చేస్తాయి. వాటిని మానేసి, మెత్తని చేతులతో చేసే మర్దనను మాత్రం ప్రతి ఇంట్లోనూ కొనసాగించాలి.