పడమటి మండలాల పట్టు బతుకు

మదనపల్లె పేరు చెప్పగానే బయటివారికి గుర్తుకొచ్చేవి బెసెంటు దివ్యజ్ఞాన కళాశాల, హార్సిలీహిల్స్, టమాటా మార్కెట్. 1915లో అనీబిసెంట్ నెలకొల్పిన ఆ కళాశాలలోనే 1919 ఫిబ్రవరి 28న విశ్వకవి రవీంద్రుడు జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఈ ఖ్యాతి చాటున అంతగా వెలుగుచూడని మరో మదనపల్లె ఉంది. అది నీరుగట్టువారిపల్లె వీధుల్లో మగ్గాల చప్పుడుతో తెల్లవారే పట్టుచీరల ఊరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను చిత్తూరు జిల్లావాసులు పడమటి మండలాలని పిలుచుకుంటారు. 2022 ఏప్రిల్ నాటి పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లగా, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే నిలిచాయి. సరిహద్దులు ఎలా మారినా ఈ మూడు ప్రాంతాల బతుకుతెరువులో పోలిక మాత్రం చెరగలేదు. జీవనది లేని మెట్టభూములు, బోరుబావులపై ఆధారపడిన సేద్యం, పక్కనే కర్ణాటక మార్కెట్లు ఈ పోలికకు మూలం.

ఆకు నుంచి గూడు వరకు

మైసూరు రాజ్యంలో టిప్పుసుల్తాన్ కాలంలో వేళ్లూనుకున్న పట్టు పరిశ్రమ క్రమేణా సరిహద్దు దాటి ఈ మెట్టప్రాంతానికి విస్తరించింది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నందున ఇక్కడి వాతావరణం కోస్తా కంటే చల్లగా ఉంటుంది. పట్టుపురుగుకు ఇది అనుకూలం. తక్కువ నీటితో పెరిగే మల్బరీ చిన్నరైతుకు అందుబాటులో ఉండే పంట. చాకీ దశ దాటిన పురుగులను తెచ్చి రేయింబవళ్లు ఆకు వేస్తారు. పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ఆ దశలను రైతులు ‘జ్వరాలు’ అంటారు. నాలుగో జ్వరం లేచాక ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ ఆకు కోతలోనే ఉండాల్సిన రోజులవి. గుడ్డు పగిలిన నాటి నుంచి నాలుగు వారాలకు పురుగులు చంద్రికలెక్కి గూళ్లు అల్లుతాయి. ఏడాదికొకసారి చేతికొచ్చే వేరుశనగతో పోలిస్తే ఏటా పలుమార్లు సొమ్ము కళ్లజూపే పట్టు రైతును ఆకట్టుకోవడంలో వింత లేదు.

గూళ్లను మదనపల్లె, హిందూపురం మార్కెట్లకే కాక కర్ణాటకలోని రామనగరకు కూడా తరలిస్తారు. ధర బాగున్న చోటికే గూడు వెళుతుంది. స్థానిక రీలింగ్ కేంద్రాలకు ముడిసరుకు కొరత రావడానికి ఇదీ ఒక కారణం.

గూడు నుంచి చీర వరకు

ఒక్కో గూటి నుంచి దాదాపు కిలోమీటరు పొడవైన పోగు వస్తుంది. అలాంటి పోగులు కొన్నింటిని కలిపి వేడినీటి తొట్లలో దారంగా తీస్తారు. ఆ దారానికి మెలి వేసి, సబ్బునీటిలో ఉడికించి, రంగులద్దుతారు. ఉడికించినప్పుడు దారానికి అంటిన జిగురు కరిగి బరువులో సుమారు నాలుగోవంతు తగ్గిపోతుంది. ముడిపట్టు ధర కిలోకు వంద రూపాయలు పెరిగితే నేతకు చేరే దారంపై అంతకుమించి భారం పడటానికి కారణం ఇదే.

మదనపల్లెలో తొగట, పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఈ వృత్తిని నమ్ముకున్నాయి. మగ్గంపై కూర్చునేది ఒక్కరే అయినా ఆ వెనుక ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. కండెలు చుట్టడం, అచ్చు అతకడం వంటి పనులు చాలావరకు మహిళలవే. వీటికి విడిగా కూలి లెక్కించే ఆనవాయితీ లేదు. సొంత పెట్టుబడి లేనివారు మాస్టర్ వీవర్ వద్ద పడుగు, పేక, జరీ తీసుకుని నేసి, చీరకు ఇంతని మజూరీ పుచ్చుకుంటారు. వారం చివర చేతికొచ్చే సొమ్ములో ముందుగా తీసుకున్న అడ్వాన్సు వాయిదా తగ్గిపోతుంది. ఆ అడ్వాన్సు తీరేవరకు మరో చోటికి వెళ్లే వీలుండదు. వానాకాలంలో గుంటమగ్గంలో చెమ్మ చేరితే నేత ఆగుతుంది, ఆ రోజులకు ఆదాయం ఉండదు.

సుంకం తగ్గితే రైతుకు దెబ్బ, పెరిగితే నేతకు

ఈ పరిశ్రమలో రైతు, నేత కార్మికుడు ఒకే దారానికి రెండు కొసలు. 2011 కేంద్ర బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు రాకతో గూళ్ల ధరలు కుప్పకూలి పలువురు రైతులు మల్బరీ తోటలు దున్నేశారు. 2013లో సుంకాన్ని 15 శాతానికి పెంచారు. గూడు ధర కోలుకుంటే రైతు ఇంట దీపం వెలుగుతుంది, అదే సమయంలో మగ్గం ఇంట దారం ఖర్చు మోయలేని భారమవుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే విధానం ఇప్పటికీ పూర్తిగా రూపుదిద్దుకోలేదు.

మరోవైపు మరమగ్గాల పోటీ. కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసినా అమలు అంతంతమాత్రమే. రోజుల తరబడి చేత్తో నేసిన చీరకు, మరమగ్గంపై గంటల్లో దిగిన చీరకు తేడా కొనేవారికి తెలియడం కష్టం. కంచిపట్టుకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతటి పేరు మార్కెట్లో మదనపల్లె చీరకు లేదు. ఇక్కడ నేసిన సరుకు బెంగళూరు, చెన్నై దుకాణాలకు చేరాక ఏ ఊరి పేరుతో అమ్ముడవుతుందో నేసినవారికి తెలియదు. 2020 వేసవిలో లాక్‌డౌన్ వల్ల పెళ్లిళ్ల సీజను పోవడంతో ఈ బలహీనత మరింత బయటపడింది. 2019 డిసెంబరు నుంచి 2023 వరకు నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్నవారికి ఏటా రూ.24 వేలు అందింది. అద్దె మగ్గాలపై నేసే కూలీలు ఆ పరిధిలోకి రాలేదు.

పొట్టి ఆవు, పొరుగు రైలు

పుంగనూరు పేరును దేశమంతా మోసింది అక్కడి పొట్టి జాతి ఆవు. మూడడుగులకు అటూఇటూగా ఉండే ఈ పశువు తక్కువ మేతతో, కరవులోనూ బతుకుతుంది. పాలలో వెన్నశాతం ఎక్కువ. అంతరించే దశకు చేరిన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం సంరక్షిస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో ఈ ఆవులు కనిపించాక వీటికి గిరాకీ మరింత పెరిగింది.

మూడు రాష్ట్రాల కూడలి కుప్పం. గ్రానైటు, పట్టు, కూరగాయలు ఇక్కడి ఆదాయ వనరులు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. అయినా తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు కూలికి, కొలువుకు వెళ్లేవారి సంఖ్య తక్కువేమీ కాదు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు కుప్పం చేరాయి. ఆ నీరు ఏటా నిలకడగా వస్తేనే బోరుబావులు ఎండి మల్బరీ తోటలు పోయిన రైతులు తిరిగి నాటే ధైర్యం చేస్తారు.

జాతరల ఒడిలో

పనికి విరామం, బంధువుల రాక, కొత్త బట్టలు ఇవన్నీ ఇక్కడ జాతరతో ముడిపడినవే. పుంగనూరులో జమీందారీ కాలం నుంచి వస్తున్న సుగుటూరు గంగమ్మ జాతర, మే నెలలో కుప్పంలో జరిగే ప్రసన్న తిరుపతి గంగమాంబ జాతర, చౌడేపల్లె సమీపాన బోయకొండ గంగమ్మ దర్శనం ఈ ప్రాంత ప్రజల ఏడాది లెక్కలో ప్రధాన తేదీలు. నేత వాడల్లో తొగటల కులదైవం చౌడేశ్వరీదేవి జ్యోతుల ఉత్సవం ఘనంగా జరుపుకుంటారు. ద్రౌపదీ సమేత ధర్మరాజుల ఆలయాల వద్ద వేసవిలో పగలు హరికథ, రాత్రి నాటకంతో మహాభారత ఉత్సవాలు సాగుతాయి. అర్జునుడి వేషధారి తపస్సు మాను ఎక్కే రోజున, మట్టి దుర్యోధనుడిని వధించే రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. బెంగళూరులో స్థిరపడినవారు సైతం సెలవు పెట్టి వచ్చేది ఈ రోజులకే.

జాతరకు పిల్లలు వస్తున్నారు గానీ మగ్గం గుంటలోకి దిగడం లేదు. కష్టానికి తగ్గ మజూరీ, చీరపై ఊరి పేరు, గూటి ధరకు భరోసా దక్కకుంటే వారిని తప్పుపట్టలేం. ఆకు, గూడు, దారం, చీర నాలుగూ ఒకేచోట దొరికే ప్రాంతాలు రాష్ట్రంలో ఎన్నో లేవు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి తెగినా మిగిలిన మూడూ నిలవడం కష్టం.