భూమికి వరసకి అన్న: కెప్లర్-452బి అసలు ఉందా?

"భూమిలాంటి ఇంకో గ్రహం దొరికింది" అనే థంబ్‌నెయిల్ మీ ఫోన్‌లో ఎన్నిసార్లు వచ్చుంటుంది? నీలం సముద్రం, పక్కన మేఘాలు, మధ్యలో పెద్ద అక్షరాలు. ఇవాళ ఆ బొమ్మ వెనకున్న కథ చెప్తాను. ముందే చెప్తున్నా, ఆ బొమ్మ ఫోటో కాదు, ఆర్టిస్ట్ ఊహించి గీసింది. అసలు డేటా అంటే ఒక గ్రాఫ్, అందులో నాలుగు చిన్న గుంటలు. అంతే!

2015 జులై 23న నాసా కెప్లర్-452బి గురించి ప్రకటించింది. భూమికి వరసకి అన్న అవుతుంది అన్నట్టు పరిచయం చేసింది. ఎందుకంటే పోలికలు అలా ఉన్నాయి మరి. దాని నక్షత్రం మన సూర్యుడి రకమే. సైజు 10 శాతం ఎక్కువ, వెలుగు 20 శాతం ఎక్కువ, వయసు దాదాపు 600 కోట్ల ఏళ్ళు. గ్రహం ఒక చుట్టు తిరగడానికి 385 రోజులు. అంటే అక్కడి ఏడాది మన ఏడాది కన్నా 20 రోజులే ఎక్కువ. వ్యాసం భూమికి 1.6 రెట్లు. భూమి కన్నా పెద్దగా, నెప్ట్యూన్ కన్నా చిన్నగా ఉండే ఇలాంటి గ్రహాలనే సూపర్ ఎర్త్ అంటారు.

ఇది దొరకడానికి వెనక ఒక మనిషి మొండితనం ఉంది. పేరు విలియం బొరుకి. అపోలో వ్యోమనౌకల వేడి కవచాల మీద పనిచేసిన నాసా శాస్త్రవేత్త. ఈయన ఐడియా సింపుల్. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది కదా, దాన్ని కొలుద్దాం అన్నారు. కాస్త అంటే ఎంత? మన భూమి సూర్యుడి ముందు దాటితే లక్షలో దాదాపు 8 భాగాలు తగ్గుతుంది. అంత తేడా పట్టుకునే కెమెరా ఎక్కడుంది?

1992లో ప్రపోజల్ పెట్టారు. రిజెక్ట్. 1994, రిజెక్ట్, ఖర్చెక్కువ అని. 1996లో, ఒకేసారి వేల నక్షత్రాల వెలుగు కొలవడం ఎవరైనా చేశారా అని అడిగారు. ఆయన టీమ్ వెళ్ళి లిక్ అబ్జర్వేటరీలో చిన్న టెలిస్కోప్ పెట్టి చేసి చూపించింది. 1998లో మళ్ళీ కాదన్నారు, కెమెరా నాయిస్ సంగతేంటి అని. ల్యాబ్‌లో అదీ నిరూపించారు. చివరికి 2001 డిసెంబర్‌లో ఓకే అయింది. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, కాదన్న ప్రతిసారీ ఆయన ఆ ప్రశ్నకి జవాబు తయారు చేసుకుని తిరిగొచ్చారు.

2009 మార్చిలో కెప్లర్ టెలిస్కోప్ ఎగిరింది. హంస, లైరా నక్షత్ర మండలాల వైపు ఒకే చోటుకి గురిపెట్టి, దాదాపు లక్షన్నర నక్షత్రాలను కళ్ళార్పకుండా చూసింది. రూల్ ఏంటంటే, గ్రహం అనాలంటే కనీసం మూడుసార్లు దాటడం కనిపించాలి. ఏడాదికి ఒక్కసారి దాటే గ్రహానికి ఎన్నేళ్ళు ఆగాలో మీరే లెక్కేసుకోండి. ఈలోగా టెలిస్కోప్‌ని కదలకుండా నిలబెట్టే చక్రాలు నాలుగింట్లో ఒకటి 2012లో, ఇంకోటి 2013 మేలో ఆగిపోయాయి. ఆ ఆకాశపు ముక్కని చూడటం అక్కడితో అయిపోయింది. మన 452బి అప్పటికి నాలుగుసార్లు మాత్రమే దాటింది. వెలుగు తగ్గింది ఎంత? పది వేల బల్బులు వెలిగే ఊళ్ళో రెండు ఆరిపోతే ఎంతో, అంత.

జాన్ జెంకిన్స్ టీమ్ భూమ్మీది టెలిస్కోపులతో ఆ నక్షత్రాన్ని మళ్ళీ చూసి, వెనకాల వేరే జంట నక్షత్రాలేవో మోసం చేసే ఛాన్స్ చాలా తక్కువని లెక్కలేసి, గ్రహమే అని తేల్చింది.

ఇక్కడే అసలు ట్విస్ట్. 2018లో, కెప్లర్ డేటా మీదే పనిచేసిన ఫెర్గల్ ముల్లలీ, ఇంకొందరు కలిసి ఒక పేపర్ రాశారు. వాళ్ళ ప్రశ్న: సరే, నక్షత్రాలు మోసం చేయలేదు. మరి కెమెరా చేస్తే? కెప్లర్ ప్రతి మూడు నెలలకీ 90 డిగ్రీలు తిరిగేది. అంటే ఒక నక్షత్రం ఏడాదికోసారి మళ్ళీ అదే చిప్ మీదకొచ్చేది. ఆ చిప్‌లో ఎలక్ట్రానిక్ లోపం ఉంటే, ఏడాదికోసారి దొంగ గుంట పడొచ్చు! నిజంగానే ఏడాది దగ్గర్లో ఇలాంటి దొంగ సిగ్నల్స్ కుప్పగా వచ్చాయి. 452బి ఏడాది 385 రోజులు. అందుకే 99 శాతం నమ్మకంతో గ్రహమని చెప్పలేం, ఇంకో పరికరంతో చూడాల్సిందే అన్నారు. గ్రహం లేదని మాత్రం వాళ్ళు అనలేదు. నాసా జాబితాలో అది ఇప్పటికీ ఉంది.

మరి మళ్ళీ చూడొచ్చు కదా అంటారా? నక్షత్రం చాలా దూరం. మొదట 1,400 కాంతి సంవత్సరాలన్నారు, తర్వాత గయా కొలతలతో అది దాదాపు 1,800 అయింది. మనకి అంత మసగ్గా కనిపించే నక్షత్రం ఊగిసలాట కొలిచి గ్రహం బరువు తేల్చడం ఇప్పటి పరికరాలకి అందని పని. బరువు తెలియకుండా అది రాతి నేలా, మందపాటి గ్యాస్ ఉండా అని చెప్పలేం. ఇక సముద్రాల సంగతి సరేసరి.

కెప్లర్ 2018 అక్టోబర్ 30న రిటైర్ అయ్యే నాటికి 2,600 పైగా గ్రహాలు ఇచ్చింది. వాటిలో చాలావాటి మీద ఈ గొడవ లేదు, ఎందుకంటే అవి కొద్ది రోజులకోసారి తిరుగుతూ వందలసార్లు కనిపించాయి. మనకి బాగా కావాల్సిన రకం, అంటే సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ ఏడాదికోసారి తిరిగేదే, నిరూపించడానికి అన్నిటికన్నా కష్టం. అందుకే యూరప్ వాళ్ళ ప్లేటో మిషన్ ప్లాన్ వేరు. దగ్గర్లో వెలుగెక్కువున్న నక్షత్రాలనే 26 కెమెరాలతో చూడటం. అప్పుడు బరువు కూడా తేల్చొచ్చు.

కాబట్టి ఈసారి అలాంటి థంబ్‌నెయిల్ కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎన్నిసార్లు దాటింది? ఇంకెవరైనా చూశారా? బొరుకిని నాసా అడిగినవీ ఇలాంటి ప్రశ్నలే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.