తుపాకీలో సగం అడవే



ఆగస్టు 22, 23, 24 తేదీలు వచ్చాయంటే మన గ్రూపు నిండా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోస్టులే. 1922లో ఆ మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ల వెంట నడిచిన మన్యం జనం మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్లారు. ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ డైరీలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు. ఇది మనందరికీ తెలిసిందే. అందుకే ఈసారి మేం తుపాకీ గురించి, అందులోనూ దాని చెక్క గురించి రాస్తున్నాం. చెక్కలో ఏముందిలే అనుకోకండి, చివరిదాకా చదవండి.

పాత రైఫిల్ చూస్తే ముందు ఇనుము కనబడుతుంది. కానీ మనిషి ఒంటికి తగిలేది ఎక్కువగా చెక్కే. భుజానికి ఆనించే మడమ చెక్క, ఎడమ చేత్తో పట్టుకునే ముందు భాగం చెక్క. కాలిన గొట్టం చేతికి తగలకుండా కాసేది, పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని భుజానికి అందించేది అదే. బ్రిటిష్ వాళ్లు దీనికి అక్రోటు కలప ఎంచుకున్నారు. గట్టిగా ఉంటుంది, ఎండకీ వానకీ తొందరగా వంకరపోదు. ప్రపంచ యుద్ధాల్లో లక్షల తుపాకులు కావాల్సొచ్చేసరికి ఆ కలప చాలలేదు. బ్రిటన్ బీచ్, బర్చ్ చెట్ల మీద పడింది. ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ అక్కడి అడవుల్లోని క్వీన్స్‌లాండ్ మేపుల్, కోచ్‌వుడ్ వాడింది. అంటే తుపాకీలో సగం అడవే. ఎక్కడో ఒక అడవి కొడితేనే ఆ చెక్క వచ్చింది.

మరి ఆ తుపాకీ మన అడవికి ఎందుకొచ్చింది? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టడం, అడవిలో తిరిగి తెచ్చుకోవడం నేరాలయ్యాయి. తర్వాత గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనవాళ్లని తోలి, సరైన కూలి ఇవ్వలేదు. ఎదురు తిరిగితే అణచడానికే స్టేషన్లు, తుపాకులు. ఒక అడవి చెక్కతో చేసిన తుపాకీ ఇంకో అడవి జనం మీదికి వచ్చిందన్నమాట.

ఆ తుపాకీ కూడా అందరికీ ఒకటి కాదు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు భారతీయ సిపాయిలకు మంచి రైఫిల్ ఇవ్వడానికి భయపడ్డారు. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి, వాటివల్లే తూటా దూరంగా, సూటిగా పోతుంది. ఆ గాళ్లు తీసేసి, గొట్టం నున్నగా చేసి ఇచ్చారు. పోలీసులకు కూడా చాలాకాలం ఇలాంటి నున్న గొట్టం మస్కెట్లు ఇచ్చారు. 1878 ఆయుధాల చట్టం భారతీయులు లైసెన్స్ లేకుండా తుపాకీ పెట్టుకోకూడదంది, తెల్లవాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1879లో, మన రంపలో పెద్ద తిరుగుబాటు లేచింది.

1922కి మళ్లీ వద్దాం. ఆ తుపాకులతోనే సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో మనవాళ్లు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని పడగొట్టారు. కానీ అక్టోబర్‌లో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్లేసరికి అక్కడ ఆయుధాలు లేవు, సర్కారు ముందే తరలించేసింది. అసలు చిక్కు ఇక్కడుంది. తుపాకీ చెక్క పగిలితే ఉలి పట్టడం తెలిసినవాడు ఊళ్లోనే బాగుచేయగలడు. ఫ్యాక్టరీ తూటా మాత్రం ఏ చెట్టుకీ కాయదు. విల్లు, బాణం మనవి, అడవి ఉన్నన్నాళ్లూ ఉంటాయి. తుపాకీలో మన చేతికి లొంగేది ఆ చెక్క ఒక్కటే.

అందుకే చరిత్ర కూడా చెక్క మీదే మిగులుతుంది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మడమకి కుడి పక్కన చాలాసార్లు చిన్న ఇత్తడి బిళ్ల ఉండేది, దాని మీద పటాలం గుర్తు, నంబరు చెక్కేవారు. మడమ చివర ఇత్తడి మూత తెరిస్తే లోపల నూనె సీసా, గొట్టం తుడిచే తాడు ఉండేవి. పగిలిన చోట అతికిన ముక్క, చెయ్యి పట్టీ పట్టీ నల్లబడ్డ చోటు, గీతలు, గంట్లు, ఇవన్నీ ఎవరో వాడారని చెప్పే సాక్ష్యాలు.

పాత తుపాకీ బాగుచేస్తామని చాలామంది మొదట చేసే పని ఉప్పు కాగితంతో గీకేసి, మెరిసే వార్నిష్ కొట్టడం. అరగంటలో వందేళ్ల గుర్తులు పొట్టుగా రాలిపోతాయి. పద్ధతి తెలిసినవాళ్లు అలా చెయ్యరు. గుడ్డతో మురికి మాత్రం తుడుస్తారు. నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ ఆనిస్తే, ఆవిరికి చెక్క పొంగి కొంత పైకి లేస్తుంది. పగులుకి జిగురు పెట్టి బిగిస్తారు, అవసరమైతే లోపల సన్న చెక్క చీల దిగ్గొడతారు. తర్వాత అవిసె నూనె పల్చగా రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దుతారు. ఇలా రోజుల తరబడి సాగుతుంది. ఆ నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. ఎన్‌ఫీల్డ్ మడమ ఊడదీయాలంటే ముందు చెక్క తీశాకే లోపలి పొడవాటి బోల్టు తిప్పాలి, లేకపోతే ముందు చెక్క చీలిపోతుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? 1922 గురించి దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం పోలీసులు, కలెక్టర్లు రాసినవే. అందులో మనవాళ్లు దోపిడీగాళ్లు, ముఠా. మనలో చాలామంది ఇళ్లల్లో అక్షరం మన తరంతోనే మొదలైంది. మన తాతలు కాగితం మీద రాయలేదు, చేత్తో పట్టుకున్న వస్తువుల మీద రాశారు. విల్లు మీద, డోలు మీద, గొడ్డలి కామ మీద. వాటికి పండక్కో ఫొటోకో రంగు కొట్టేస్తే వాళ్లు రాసిన ఆ ఒక్క పుస్తకాన్నీ మన చేత్తోనే చెరిపేసినట్టు.

అందుకని మేం అడిగేది మూడు పనులు. మ్యూజియంకి వెళ్తే అద్దం వెనక తుపాకీ గొట్టంతో పాటు చెక్కని కూడా చూడండి, గుర్తులు ఫొటో తీయండి. ఇంట్లో పాత వస్తువు ఉంటే రంగు వేయకముందే అవ్వని, తాతని అడిగి ఎవరిదో, ఎక్కడిదో రాసిపెట్టండి. లైసెన్స్ లేని పాత తుపాకీ ఎక్కడైనా కనబడితే బాగుచేయడానికి మాత్రం దిగొద్దు, అది ఇప్పటి ఆయుధాల చట్టం కింద కేసు. పెద్దల్ని, వకీలుని అడిగి చట్టప్రకారం అప్పగించే దారి చూడండి.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చేశారు. మల్లుదొర జైలుకెళ్లి, బతికి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. తుపాకీ పట్టిన చెయ్యే పార్లమెంటు తలుపు తట్టింది. ఆ చేతుల గుర్తులు ఎక్కడ మిగిలున్నా, గీకేయకుండా కాపాడుకుందాం.

జోహార్ మన్యం వీరులకు. జై ఆదివాసీ.