మోటారు భీమా - పగ్గములు పట్టినవాడు

మా మనుమనికి ఈ యేట పదునెనిమిది సంవత్సరములు నిండినవి. మొదట నేర్చుకొనువాని లైసెన్సును, నెల దాటిన పిమ్మట పరీక్షలో నెగ్గి పూర్తి లైసెన్సును సంపాదించెను. మా పెద్దవాడు తన కారు తాళపుచెవిని వానికిచ్చుటకు ముందు భీమా పత్రమును నాయెదుట పెట్టి, "నాన్నగారూ, వీడు తోలినప్పుడు దీనిలో ఏది చెల్లును, ఏది చెల్లదు? ఇంకను ఏమేని కొనవలయునా? మీరొకసారి చూచి చెప్పుడు" అని యడిగెను. బడిలో ముప్పదియేండ్లు శబ్దములును సమాసములును చెప్పినవానిని ఇట్టి దడుగుట యేల యని మీరు నవ్వవచ్చును. కాని యా పత్రములో అక్షరములు చిన్నవి, వాక్యములు పెద్దవి; అన్వయము కుదుర్చుట పండితుని పనియే. కూర్చుండి చదివితిని. చదివినకొలది, ఇందలి నిబంధనల వెనుక నొక చరిత్ర కలదనియు, ఆ చరిత్ర మోటారుకంటె మిక్కిలి ప్రాచీనమైనదనియు తోచెను. దానినే నేడు మీకు విన్నవింతును.

కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రముగ వినబడుచుండెను. 1905లో దాని తాళపత్రప్రతి మైసూరు ప్రాచ్యపుస్తక భాండాగారమునకు చేరగా, శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చొత్తించిరి. అందు కంటకశోధనమను నాలుగవ యధికరణమున బండ్లవలన కలుగు హానులనుగూర్చి కొన్ని సూత్రములు గలవు. తోలువాడు వ్యవహారవయస్సు రానివాడైనచో, బండిలోనున్న యజమానిని దండింపవలయునట. యజమాని లేనిచో బండిలో కూర్చున్నవానిని దండింపవలయునట. బాలుడు తోలుచున్న బండిని, మనుష్యుడే లేని బండిని రాజు హరింపవలయునట. ఆ గ్రంథము ననుసరించి పురుషునకు వ్యవహారవయస్సు పదునాఱేండ్లు. మన నేటి శాసనము కారు తోలుటకు దానికి మఱి రెండేండ్లు చేర్చినది.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయములో ఈ విషయము మఱికొంత విరివిగ నున్నది. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసో చక్రమో విఱిగినను, పగ్గములు తెగినను, తోలువాడు తొలగిపొమ్మని కేక వేసియుండినను దండము లేదు. ఇట్టివి పది సందర్భములు లెక్కింపబడినవి. ఇవి కాక, తోలువాని నేర్పులేమిచే బండి దారితప్పి హాని కలిగెనేని దండము యజమానికే - ఇన్నూఱు పణములు. తోలువాడు నేర్పరియైనచో దండము వానికి. వాడు నేర్పులేనివాడైనచో బండిలో కూర్చున్నవా రందఱికిని తలకు నూఱేసి పణములు! నేర్పులేనివాని బండి యెక్కుటయే నేరమని స్మృతికారుని తాత్పర్యము. క్రొత్తగా లైసెన్సు వచ్చిన మిత్రుని కారులో ఆఱుగురు క్రిక్కిఱిసి పోవు కళాశాల విద్యార్థులకు ఈ ధర్మమును బోధించిన బాగుండునని నా కనిపించును.

గాయపడినవాడు కోలుకొనువఱకు నగు చికిత్సావ్యయమును హాని చేసినవానిచే నిప్పింపవలయుననియు ఆ స్మృతియందే కలదు. బాగుగనే యున్నది. కాని ఇయ్యవలసినవాడు ఇయ్యలేనివాడైనచో, గాయపడినవాని గతి యేమి? దండనీతి యీ ప్రశ్నను తీర్పలేదు; తీర్పుటకు దారి చూపినది వర్తకము.

యాజ్ఞవల్క్యస్మృతిలో వడ్డీల ప్రకరణ మొకటి కలదు. అప్పు గొని యడవిదారుల వర్తకమునకు బోవువాడు నెలకు నూటికి పది చొప్పునను, సముద్రముపై బోవువాడు నూటికి ఇరువది చొప్పునను ఇయ్యవలయునని యందు విధింపబడినది. ఓడ మునిగినచో వడ్డీతోబాటు అసలును పోవునను భయమే ఈ యధిక వడ్డీకి కారణము. అపాయము హెచ్చినకొలది మూల్యమును హెచ్చవలయునను సూత్రము ఇచ్చట స్పష్టము. నేటి భీమావారు ప్రీమియ మనుచున్నది ఈ సూత్రమునుండి పుట్టినదే. అయితే ఆ కాలమున ఈ యేర్పాటు సరకునకే గాని, దారిన బోవు మనుష్యుని ప్రాణమునకు గాదు.

ఆ మనుష్యుడు లెక్కలోనికి వచ్చుటకు మోటారు రావలసివచ్చెను. 1896 ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణమున బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను గృహిణి మోటారుబండి తగిలి మరణించెను. ఇంగ్లండులో పెట్రోలు కారుచే మరణించిన పాదచారులలో ఆమెయే మొదటిదని చెప్పుదురు. ప్రమాదవశమున జరిగిన మరణమని జ్యూరీ నిర్ణయించెను. ఇట్టిది మరల జరుగకుండుగాక యని విచారణాధికారి యాశించెనట. 1903లో నచట లైసెన్సు శాసన మేర్పడినది. పదునేడేండ్లు నిండి, ఐదు షిల్లింగులు చెల్లించినవారికి కారు తోలుటకు లైసెన్సు దొరకుచుండెను. పరీక్ష యేమాత్రమును లేదు! తోలుట వచ్చునో రాదో యడిగినవారు లేరు. ఆ పరీక్ష 1935 జూను 1వ తేదీనుండి గాని తప్పనిసరి కాలేదు. ఈ మధ్యకాలమున నేమి జరిగెనో 1930వ సంవత్సరపు లెక్కయే చెప్పును: సుమారు 23 లక్షల వాహనములున్న ఆ దేశమున ఆ యొక్క యేడు రోడ్లపై మరణించినవారు ఏడువేలకు పైగా.

ఆ సంవత్సరమే ఇంగ్లండులో రోడ్డు రాకపోకల శాసనము వచ్చి, భీమా లేని మోటారును వీథిలోనికి దీయరాదని విధించెను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 1927లోనే ఇట్టి నిర్బంధము నమలుపఱచెను. ఈ నిర్బంధభీమా కారునకు గాదు, కారు యజమానికిని గాదు. భీమా చేయించుకొన్న యజమాని మొదటివాడు, చేసిన సంస్థ రెండవది. ఆ యొప్పందముతో నెట్టి సంబంధమును లేక, దారిన బోవుచు దెబ్బ తినువాడు మూడవవాడు. ఆ మూడవవాని కొఱకే ఈ భీమా. అందుచేతనే దానికి తృతీయపక్ష భీమా యని పేరు.

మనదేశమున 1914లో నొక మోటారు శాసనమును, 1939లో దానికంటె సమగ్రమైన మఱొక శాసనమును చేసిరి. రెండవదానిలోని యెనిమిదవ యధ్యాయము నిర్బంధభీమాకు సంబంధించినది. ఇంతలో యుద్ధము వచ్చినది; ఆ యధ్యాయము మాత్రము 1946 జులై 1వ తేదీవఱకు అమలునకు రాలేదు. 1956లో పరిహారము నిర్ణయించుటకు ప్రత్యేక ట్రైబ్యునళ్ల కవకాశము కల్పింపబడెను. ఇప్పటి 1988వ సంవత్సరపు శాసనము 1989 జులై 1వ తేదీనుండి నడచుచున్నది.

ఈ శాసనములందు భీమాసంస్థ తప్పించుకొనుటకు కొన్ని ద్వారము లుంచిరి. లైసెన్సు లేనివాడు తోలుట వానిలో నొకటి. దానిని తలచినప్పుడెల్ల నాకొక పిల్లవాడు జ్ఞప్తికి వచ్చును. నేను పనిచేసిన యొక పట్టణములో పదియవ తరగతి చదువుచుండెను. పద్యమును ఒక్కసారి విని యప్పగింపగలవాడు. ఒకనాటి యుదయమున తండ్రి కారును తీసికొని బయలుదేఱి, సైకిలుపై పాలబిందెలు కట్టుకొని వచ్చుచున్న యొకనిని గ్రుద్దెను. ఆ మనుష్యుడు ఆసుపత్రికి చేరకమునుపే మరణించెను. ట్రైబ్యునలు, భీమాసంస్థ మొదట మృతుని కుటుంబమునకు సొమ్ము చెల్లించి, పిమ్మట దానిని పిల్లవాని తండ్రినుండి రాబట్టుకొనవచ్చునని తీర్పు చెప్పెను. తండ్రి రెండెకరముల మాగాణి యమ్మెను. పాలవాని భార్యకు సొమ్ము చేరినది, అంతవఱకు మేలు. పిల్లవాడు మరల బడికి రాలేదు.

ఇట్లు "ముందు చెల్లించుము, పిదప రాబట్టుకొనుము" అను పద్ధతిని సుప్రీముకోర్టు ముగ్గురు న్యాయమూర్తులు 2004 జనవరిలో చెప్పిన తీర్పున విపులముగ స్థిరపఱచిరి. లైసెన్సు లేదనుట మాత్రమే చాలదనియు, యజమాని తెలిసియో అజాగ్రత్తచేతనో అట్టివానికి బండి యప్పగించెనని భీమాసంస్థ ఋజువు చేయవలయుననియు వారనిరి. నేర్చుకొనువాని లైసెన్సును లైసెన్సే యనియు ఆ తీర్పులోనే కలదు.

ఇక 2019లో చేసిన సవరణ చూడుడు. మైనరు వాహనము తోలి నేరము చేసినచో, సంరక్షకునికి లేక యజమానికి మూడేండ్లవఱకు చెఱసాల, ఇరువదియైదువేల రూపాయల జుల్మానా. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. తనకు తెలియకుండ జరిగినదని గాని, తాను తగిన జాగ్రత్త తీసికొంటినని గాని యజమానియే ఋజువు చేసికొనవలయును. దండము యజమానికి, బండి రాజునకు! కౌటిల్యుడు మరల వచ్చి మన పార్లమెంటులో కూర్చుండెనా యనిపించును. ఈ దండమును ఏ భీమాయు భరింపదు.

మా మనుమడు మైనరు కాడు, లైసెన్సు కలవాడు. కావున మాకీ భయము లేదు. అయినను పత్రమును చదువుచుండగా నొక వింత కనబడెను. ఇంగ్లండు, అమెరికా దేశములందు క్రొత్తగా కారు పట్టిన పడుచువానికి ప్రీమియము మిక్కిలి యధికము. యాజ్ఞవల్క్యుని సూత్రము అచట తోలువాని వయస్సునకే యన్వయింపబడినది. మన తృతీయపక్ష ప్రీమియము ఇంజను పరిమాణమునుబట్టి ప్రభుత్వము నిర్ణయించునది. 2022 జూను 1వ తేదీనుండి వచ్చిన పట్టికలో, వేయి సి.సి. మించని సొంతకారునకు ఏడాదికి 2,094 రూపాయలు, పదునైదువందల వఱకు 3,416, ఆపైన 7,897. తోలువాడు పదునెనిమిదేండ్లవాడో అఱువదేండ్లవాడో ఆ పట్టిక యడుగదు. కారునకు కలుగు నష్టమునకైన భీమాకు 2002వ సంవత్సరపు పట్టికలో కారు విలువ, దాని వయస్సు, ఇంజను, ఊరు అనునవి మాత్రమే లెక్క. హైదరాబాదు పెద్దనగరముల వరుసలోనిది, విజయవాడ రెండవ వరుసలోనిది. 2007లో ఈ ధరలను సంస్థల యిచ్చకు విడిచిపెట్టిరి. అయినను మాయింటి పత్రమున కారు సంఖ్య కలదు, మా పెద్దవాని పేరు కలదు. మనుమని పేరు మాత్రము వెదకినను లేదు.

ప్రీమియము పెరుగలేదని మావాడు సంతోషించెను. నాకు మాత్రము సంతోషము కలుగలేదు. పేరు లేనివానికి రక్షణ యెక్కడిది?

వరుసగా చూచితిని. దారిన బోవువానికి భయము లేదు. కారులో కూర్చుండు స్నేహితులమాట: నిర్బంధభీమా మాత్రమే యున్నచో సొంతకారులోని యుచిత ప్రయాణికులకు అది వర్తింపదని సుప్రీముకోర్టు 2006లో చెప్పినది, సమగ్రమైన ప్యాకేజీ పాలసీ యున్నచో వారికిని వర్తించునని నియంత్రణసంస్థ 2009లో స్పష్టపఱచినది. మాది ప్యాకేజీ, దానిని తగ్గింపవలదంటిని. యజమాని తానే తోలుచు ప్రమాదము పాలైనచో వ్యక్తిగత భీమా గలదు. 2018లో దాని మొత్తము పదునైదు లక్షలకు పెంపబడెను. అయితే అది యజమానికి మాత్రమే. కుమారుడు తండ్రి కారును తోలుచున్నచో, వాడు యజమాని గాడు కనుక ఇది చెందదు. పోనీ మూడవవాడా యన్నచో అదియు గాదు: యజమానియొద్ద బండి నెరవు తెచ్చుకొని తోలినవాడు యజమాని స్థానమున నిలుచునని 2009లో సుప్రీముకోర్టు తీర్పు. తన పొరపాటుచే వాడు మరణించినచో, ఆ బండి తృతీయపక్ష భీమానుండి వానివారికి పరిహారము రాదు. రెండువేలయేండ్ల ధర్మశాస్త్రమును, తొంబదియేండ్ల మోటారు శాసనమును చదివి తుదకు తేలినది: అందఱును లెక్కలోనికి వచ్చిరి, పగ్గములు పట్టిన మా పిల్లవాడొక్కడే బయట మిగిలెను.

మా పెద్దవాని విచారమంతయు కారుపై పడు సొట్టలనుగూర్చి. వానికి ఇంకొక విషయము చెప్పితిని. ఏటేట పరిహారము కోరనివారికి ప్రీమియములో నూటికి ఇరువదినుండి యేబదివఱకు క్రమముగ తగ్గింపు వచ్చును. చిన్న గీతకు సొమ్మడిగినచో ఆ తగ్గింపు పోవును. కుఱ్ఱవాడు మొదటి యేడు గోడలకు రాయించు గీతలను మన జేబులోనుండియే బాగుచేయించుట మేలు. ఆ విచారమునకు బదులుగ, ప్రమాదభీమాలో పిల్లవాని పేరు వ్రాయింపుమంటిని. పేరు చెప్పి వ్రాయించుకొనిన వ్యక్తికి నిర్ణీత పరిమితికి లోబడి వేఱుగ రక్షణ కొనవచ్చునను నిబంధన ఆ చిన్న యక్షరములలోనే యుండెను.

సంస్థ ఉద్యోగి రెండుమాఱులు చెప్పించుకొని, బంధుత్వ మడిగి, వ్రాసికొనెను. క్రొత్త కాగితము వచ్చినది. మనుమడు తన పేరు చూచుకొని, "తాతగారూ, మఱి మీ పేరేది?" అని యడిగెను. నాకు వెనుక సీటు చాలుననియు, నూఱు పణములు సిద్ధముగ నుంచుకొని యెక్కుదుననియు చెప్పితిని. వానికర్థము కాలేదు. ఆదివారము సాయంకాలము కాలువగట్టువఱకు మెల్లగ పోయి వచ్చితిమి.