నిప్పురవ్వయే ఉలి

దోషమే గుణమైన కథ యొకటి వినుడు. విద్యుత్తు మీట తెరచినపుడు మెఱయు రవ్వ లోహమును కొంచెము కొంచెముగా తినివేయును. దీనిని 18వ శతాబ్దముననే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్లీ గుర్తించెను. 1943లో సోవియట్ దేశమున లాజరెంకో దంపతులు ఈ నష్టమును మాన్పబూని, మాన్పలేక, ఆ రవ్వనే ఉలిగా జేసికొనిరి. నూనెవంటి ద్రవములో, పనిముట్టు తాకకయే, సెకనుకు వేలకొలది రవ్వలు కఠినమైన యుక్కును కరగించి, వెండ్రుకవాసి తప్పక చెక్కును.

మా నారాయణపేటలో, బడి గడియారమును విప్పెనని నేను దండించిన బాలుడొకడు, 1968లో హైదరాబాదు బాలానగరమున వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో ఈ విద్య నభ్యసించెను. వాడు చెక్కిన యుక్కు అచ్చును చేతబట్టి నేను సిగ్గుపడితిని. దండమెత్తుటకు ముందు, ఆ దోషము ఏ పనికి యోగ్యమో విచారింపుడు.