మర్జా కాలవగట్ల మీద

2010 ఫిబ్రవరి 13. ఇంకా తెల్లారలేదు. హెలికాప్టర్లు అమెరికా మెరైన్లనీ, వాళ్లతోపాటు అఫ్గాన్ సైనికులనీ దించి దుమ్ము రేపుతూ లేచిపోయాయి. మీరూ ఆ వరసలోనే ఉన్నారు. ఎదురుగా అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్ రాష్ట్రంలో తాలిబన్ల పట్టులో ఉన్న మర్జా. పక్కన నాద్ అలీ వైపు బ్రిటిష్ దళాలు కదులుతున్నాయి. మొత్తం దాదాపు 15,000 మంది. దాడి చేస్తామని ముందే చాటింపు వేశారు. ఆ చాటింపు తాలిబన్లకు మందుపాతరలు పాతుకునే వ్యవధి కూడా ఇచ్చింది.

ఇక్కడ వీధులు లేవు. గళ్లు గళ్లుగా కాలవలు, మధ్యలో లేత గసగసాల చేలు, అక్కడక్కడ ఎత్తైన మట్టి ప్రహరీల ఇళ్లు. ఎడారిని సాగులోకి తేవాలని ఒకప్పుడు అమెరికా సాయంతోనే తవ్విన కాలవలివి. ఇప్పుడు ఆ గట్ల చాటునుంచే అమెరికా సైనికుల మీదికి తూటాలు వస్తున్నాయి.

ముందు నడిచే కుర్రాడి చేతిలో మెటల్ డిటెక్టర్. నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో అడుగూ వేస్తున్నాడు. అతని అడుగులోనే మీరు అడుగు వేయాలి. వంటనూనె పోసుకునే పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బాలో ఎరువుతో చేసిన పేలుడు మందు దట్టించి, పైన చెక్కలు పెట్టి మట్టి కప్పేస్తారు. ఇనుము పెద్దగా ఉండదు కాబట్టి యంత్రం కూయకపోవచ్చు. అందుకే అతను వంగి మట్టి రంగు చూస్తున్నాడు. తవ్వి పూడ్చిన చోట మన్ను కాస్త ముదురుగా కనబడుతుంది. చెయ్యెత్తాడు. అందరూ ఆగిపోయారు. వంతెన మీదికి ఎవరూ వెళ్లరు, దాని కిందా పెట్టి ఉంటారు. వెంట మోసుకొచ్చిన తేలికపాటి నిచ్చెన వంతెనను కాలవకు అడ్డంగా వేస్తున్నారు.

మర్నాడు దాడి చేస్తున్న దళాల రాకెట్లు ఒక ఇంటి మీద పడ్డాయి. 12 మంది పోయారు, వాళ్లలో పిల్లలున్నారు. ఇళ్లు కదలొద్దని జనానికి చెప్పింది సైన్యమే. అక్కడి అమెరికా సేనాధిపతి మెక్‌క్రిస్టల్ క్షమాపణ చెప్పి ఆ రాకెట్లను తాత్కాలికంగా ఆపించాడు. ఆ ఇంటివాళ్లకు దానితో తీరేదేముంది?

ఫిబ్రవరి 25న హెల్మండ్ గవర్నర్ గులాబ్ మంగల్ మర్జాలో అఫ్గాన్ జెండా ఎగరేశాడు. మేలో మెక్‌క్రిస్టలే మర్జాను రక్తమోడే పుండు అన్నాడు. మెరైన్ల దగ్గర డబ్బు తీసుకున్న ఊరివాళ్లను తాలిబన్లు అప్పటికీ రాత్రిపూట వెతుక్కుంటూ వచ్చేవారు.